కారే డాబా, కోర్టు సమన్లు

ఈ వారం మా అపార్ట్‌మెంట్ కమిటీకి కోర్టు సమన్లు వచ్చాయి. డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేసిన కాంట్రాక్టర్ ఆఖరి బిల్లు రాలేదని దావా వేశాడు. సెక్రటరీ గారు మాత్రం నిమ్మళంగా ఉన్నారు. ‘అగ్రిమెంటే లేదు కదండీ, ఏం చేస్తాడు?’

రాతపూర్వక కాగితం విషయంలో నాకు చాదస్తం. పాలబ్బాయి దగ్గర కూడా రసీదు అడిగే మనిషిని. పైగా ఈశాన్యం మూల ఇంకా కారుతోంది. నేను సెక్రటరీ గారి పక్షమే ఉండాలి.

కాంట్రాక్టు చట్టం కోసం కోఠి ఫుట్‌పాత్ పుస్తకాలు తిరగేసి, ఆబిడ్స్ వైపు నడిచాను. ఆ సెంటరుకు పేరిచ్చిన ఆల్బర్ట్ ఆబిడ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అంతరంగిక సేవకుడు. సిమ్లా రత్నాల వ్యాపారి జేకబ్ తెచ్చిన వజ్రం బేరంలో మధ్యవర్తి ఆయనే. ధర 46 లక్షలు, ముందుగా 23 లక్షలు ముట్టాయి. రాజ్యం అప్పుల్లో ఉంటే వజ్రమేమిటని కోఠిలోని బ్రిటిష్ రెసిడెంటు అడ్డం తిరిగాడు. నిజాం డబ్బు వెనక్కి అడిగారు. నచ్చకపోతే తిరిగివ్వాల్సిన సొమ్మని నిజాం, ధరలో భాగమని జేకబ్. 1891లో కలకత్తా హైకోర్టులో క్రిమినల్ కేసు నడిచింది. జేకబ్ నిర్దోషిగా తేలాడు గానీ వ్యాపారం చితికిపోయింది. రాయి చివరికి నిజాంకే చేరింది, ఆయనకు దాని మీద మోజు పోయింది. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు తండ్రి చెప్పులో దొరికితే పేపర్‌వెయిట్‌గా వాడుకున్నారు. 1995లో కేంద్రం మిగతా నగలతో కలిపి 218 కోట్లకు కొంది. అంతటి దర్బారే 23 లక్షలు దేనికిచ్చిందో ముందు తేల్చుకోలేదు. మా సెక్రటరీ గారిని ఏమనగలం?

ఇక చట్టం. కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 70 ప్రకారం, ఉచితంగా చేయాలనే ఉద్దేశం లేకుండా ఒకరు పని చేసిపెడితే, దాని లాభం అనుభవించినవారు పరిహారం ఇవ్వాలి. సంతకం లేదన్నది సాకు కాదు. గడువు తేదీ అనుకోని పనికి, అది పూర్తయ్యాక మూడేళ్లలోపు దావా వేయొచ్చు. మా డాబా పని నిరుడే అయింది.

కారే మూలకు ఎంత తగ్గించాలో మరో మేస్త్రీతో లెక్క కట్టించి, మిగతాది ఇచ్చేసి, లోక్ అదాలత్‌లో రాజీపడదామన్నాను. ‘కాగితం కాగితం అనేది మీరే కదా!’ అన్నారు సెక్రటరీ గారు. అవును, ఆ కాగితం పని మొదలుకాక ముందు అడగాలి, బిల్లు వచ్చాక కాదు. జవాబు దాఖలు చేయడానికి 30 రోజుల గడువుంది. ఆయన ఇంకా వకీలునే వెతుకుతున్నారు.