అన్నం పక్కన గుడాలు

బొబ్బెర్లు, శెనగలు, పెసర్లు, ఉలవలు, అనుములు. వీటిలో ఏ ఒక్కటి డబ్బాలో ఉన్నా, కూరగాయలు దొరకని రోజున కూడా అన్నం పక్కకు మంచి వంటకం ఉన్నట్టే. తెలంగాణ పల్లెల్లో ఆ వంటకాన్ని గుడాలంటారు, కోస్తా జిల్లాల్లో గుగ్గిళ్లంటారు. వంట ఒకటే. గింజలు నానబెట్టి, మెత్తబడేదాకా ఉడికించి, నీళ్లు వంచి, తాలింపు వెయ్యడం. ఇంతకన్నా తేలికైన వంట మన ఇళ్లలో ఇంకొకటి ఉందనుకోను. అయినా మనం దీన్ని వినాయక మండపంలో చేతిలో పెట్టే ప్రసాదానికీ, కల్లు దుకాణం దగ్గరి కాగితప్పొట్లానికీ వదిలేశాం. శ్రావణంలో వాయనంగా వచ్చిన శెనగలను మరునాడు తాలింపు వేసుకుని, మళ్లీ వచ్చే శ్రావణం దాకా ఆ ఊసే ఎత్తని ఇళ్లు ఎన్నో. గుడాలు రోజువారీ కంచంలోకి రావాలి. ఈ వ్యాసం అందుకోసమే.

రుద్రూర్‌ను చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. నిజామాబాద్ జిల్లాలో, బోధన్, బాన్సువాడల నడుమ ఉన్న ఈ ఊరు 2016లో మండల కేంద్రమైంది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు వ్యవసాయాన్నే మార్చేసింది. కాలువ నీళ్లతో వరి వచ్చింది, చెరకు వచ్చింది, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. రుద్రూర్‌లోని పరిశోధన స్థానం కూడా ప్రధానంగా చెరకు, వరి పంటలదే. నీళ్లున్న రైతు వరి వేయడాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. కానీ మడి నిండా వరి ఉన్న చోట కంచం నిండా అన్నమే అవుతుంది. పప్పు జాతి గింజలకు పొలం గట్టు మీద నాలుగు కంది మొక్కల చోటే మిగులుతుంది. అదే కాస్త పడమరకు, జుక్కల్, మద్నూర్ వైపు నల్లరేగళ్లలోకి వెళ్తే వానాకాలం పెసర, మినుము, కంది, చలికాలం శనగ కనిపిస్తాయి. ఆ గింజలు రుద్రూర్ వంటింటికి రావడానికి పెద్ద దూరమేమీ లేదు. వండాలన్న తలంపు ఉండాలి, అంతే.

వంట చాటతోనే మొదలవుతుంది. చెరిగి, రాళ్లూ మట్టిబెడ్డలూ ఏరాలి. ప్యాకెట్లలో వచ్చే గింజలనూ ఒకసారి పళ్లెంలో పరిచి చూసుకోవడం మంచిది. ఒక్క రాయి పంటి కింద పడితే పిల్లలు మళ్లీ గుడాల జోలికి రారు. నీళ్లు పోసినప్పుడు పైకి తేలేవి చాలావరకు పురుగు తొలిచినవే, తీసి పారెయ్యాలి. గింజ వయసు కూడా చూసుకోవాలి. వేడిలో, తేమలో ఏళ్ల తరబడి నిలవున్న గింజ ఎంతసేపు ఉడికించినా లోపల గట్టిగానే ఉంటుంది. ఆ తప్పు వండేవాళ్లది కాదు, గింజది. కొత్త గింజలు తెచ్చుకుని, బాగా ఎండబెట్టి, వేపాకు కలిపి మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసుకుంటే ఏడాదంతా నిశ్చింత.

గుడాల అసలు పనితనం నానబెట్టడంలో ఉంది. గ్లాసు గింజలకు మూడు, నాలుగు గ్లాసుల నీళ్లు పోయాలి. కాయకు అతుక్కుని ఉన్న చోట గింజకు చిన్న కన్నులాంటి మచ్చ ఉంటుంది. నీళ్లు ముందుగా ఎక్కువగా ఆ దారినే లోపలికి పోతాయి. మొదట పైపొట్టు సాగి ముడతలు పడుతుంది. లోపలి పప్పు నీళ్లు తాగి ఉబ్బేకొద్దీ ఆ ముడతలు పోయి గింజ మళ్లీ నున్నగా అవుతుంది. అప్పుడు ఒక గింజను గోటితో చీల్చి చూస్తే నడుమ తెల్లగా, పొడిగా ఏమీ మిగలకూడదు. అదే నానిన గుర్తు. పెసర్లకు, బొబ్బెర్లకు ఐదారు గంటలు చాలు. శెనగలకు రాత్రంతా కావాలి. ఉలవలు అన్నిటికన్నా మొండివి, వాటికి పన్నెండు గంటలు ఇవ్వాలి. ఉలవల్లో, పెసర్లలో కొన్ని గింజలు ఎంత నానబెట్టినా రాయిలాగే ఉంటాయి. వాటిని ఉడికించకముందే ఏరెయ్యాలి, ఆ తర్వాత ఏరడం కుదరదు. ఎండాకాలంలో రాత్రంతా నానబెడితే నీళ్లు నురగ కట్టి పులుస్తాయి. నిజామాబాద్ ఎండలు తెలిసిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నడుమ ఒకసారి నీళ్లు మార్చడమో, గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టడమో చెయ్యాలి. నానబెట్టడం మరిచిపోతే గింజలను నీళ్లలో రెండు నిమిషాలు తెర్లించి, పొయ్యి ఆపి, మూతపెట్టి గంటసేపు వదిలెయ్యండి. రాత్రంతా నానిన రుచి పూర్తిగా రాదు గానీ పని గడుస్తుంది.

ఉప్పు విషయంలో పెద్దల మాటకు కొంచెం ఎదురు చెప్పాలి. ముందే ఉప్పు వేస్తే గింజ ఉడకదని చాలా ఇళ్లలో నమ్మకం. నిజానికి నానబెట్టే నీళ్లలో చెంచాడు ఉప్పు కలిపితే పొట్టు ఇంకా మెత్తబడుతుంది. పొట్టును గట్టిగా పట్టి ఉంచేవి కాల్షియం, మెగ్నీషియం. ఉప్పులోని సోడియం వాటి చోటులోకి చేరి ఆ పట్టు సడలిస్తుంది. బోరు నీళ్లలో గింజ తొందరగా ఉడకకపోవడానికీ కారణం ఇదే, ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్లుంటే గుడాలకు అవే వాడండి. పులుపు సంగతిలో మాత్రం పెద్దల మాటే నిజం. చింతపండు గానీ టమాట గానీ గింజ పూర్తిగా ఉడికాకే వెయ్యాలి, ముందే పులుపు తగిలితే గింజ బిర్రబిగుస్తుంది. సోడా ఉప్పు వేస్తే తొందరగా ఉడుకుతుందన్నది నిజమే. కానీ గింజ చిదికిపోయి జిగురవుతుంది, బి1 విటమిన్ కూడా పోతుంది. నానబెట్టే ఓపిక ఉన్నవాళ్లకు సోడాతో పని లేదు.

నానిన నీళ్లు పారబోసి, కడిగి, గింజలు మునిగి పైన రెండు వేళ్ల ఎత్తు ఉండేలా కొత్త నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాలి. కుక్కర్‌లో ఆవిరి బిగిసినప్పుడు లోపలి వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, అందుకే పని తొందరగా అవుతుంది. పెసర్లకు ఒకటి రెండు విజిళ్లు, బొబ్బెర్లకు రెండు మూడు, శెనగలకు ఐదారు, ఉలవలకు ఇంకొన్ని. గింజ వయసును బట్టి, కుక్కర్‌ను బట్టి ఈ లెక్క మారుతుంది. ఆవిరి తనంతట తాను దిగాకే మూత తియ్యాలి. బలవంతంగా ఆవిరి వదిలితే గింజలు పగిలి పొట్టు ఊడిపోతుంది. తీరిక ఉన్న రోజున గంజులో, సన్నటి మంట మీద ఉడికించి చూడండి. గింజ చెక్కు చెదరదు, రుచి ఇంకా నిదానంగా దిగుతుంది. రెండు వేళ్ల మధ్య నలిపితే వెన్నలా నలగాలి, కానీ గిన్నెలో విడివిడిగా నిలవాలి.

వంచిన నీళ్లను పారబొయ్యకండి. గింజ సారం కొంత అందులో దిగి ఉంటుంది. ఉడికిన గింజలు పిడికెడు మెత్తగా నూరి ఆ నీళ్లలో కలిపి, చింతపండు పులుసు, పసుపు, మిరపపొడి వేసి మరిగించి ఎల్లిగడ్డతో తాలింపు పెడితే చారు తయారు. ఒక గ్లాసు గింజలతో గుడాలూ చారూ రెండూ అవుతాయి. ఉలవచారు పుట్టుక ఇలాంటిదే. ఎడ్లకు ఉలవలు ఉడికించి పెట్టిన రోజుల్లో ఆ నీళ్లు ఇంట్లోకి వచ్చి చారయ్యాయి. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు తగ్గాయి, ఎడ్లతో పాటు ఇంట్లో ఉలవల బస్తా కూడా పోయింది. ఉలవచారు మాత్రం పెళ్లి భోజనాల్లో, హోటళ్లలో ఖరీదైన వంటకంగా నిలిచింది.

ఇక తాలింపు. పల్లినూనె రెండు చెంచాలు కాగాక ఆవాలు, జీలకర్ర, తుంచిన ఎండుమిర్చి, పొట్టుతోనే దంచిన నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు, కరివేపాకు. ఆ తర్వాత సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పసుపు. ఉల్లిగడ్డ రంగు తిరిగాక గుడాలు వేసి, ఉప్పు, కారం చల్లి, మూత పెట్టకుండా ఐదు నిమిషాలు తిప్పాలి. తడి ఇంకితేనే కారం గింజకు పడుతుంది. బొబ్బెర్లకు ధనియాల పొడి బాగుంటుంది. పెసర్లకు కారం వద్దు, అల్లం, పచ్చిమిర్చి చాలు. శెనగలకు పచ్చి కొబ్బరి తురుము. ఉలవలకు ఎల్లిగడ్డ ఎంత పడితే అంత మంచిది. ప్రసాదానికైతే ఉల్లి, ఎల్లిగడ్డ లేకుండా ఇంగువతో చేస్తారు. దించాక కొత్తిమీర చల్లి నిమ్మకాయ పిండడం మరవకండి. అది రుచి కోసమే కాదు, గింజలోని ఇనుమును ఒంటికి పట్టించేది నిమ్మలోని సి విటమినే. గుడాలు తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు, కాసేపు ఆగి తాగాలి.

అన్నంలో పప్పుచారుకు నంజుకోవడానికి గుడాలు బాగుంటాయి. కానీ వాటికి సరైన జోడీ జొన్నరొట్టె. మద్నూర్ దాటి మహారాష్ట్రలో అడుగుపెడితే ఇదే వంట ఉసల్ అవుతుంది. అక్కడ మొలకెత్తిన గింజలతో, గరం మసాలాతో, కాస్త పులుసుగా చేస్తారు. మొలకల పద్ధతి మనమూ తెచ్చుకోవాల్సిందే. నానిన పెసర్లను తడిబట్టలో ఒక రోజు కట్టి ఉంచితే చాలు, ఒక్క విజిల్ కూడా అక్కర్లేదు, ఆవిరి మీదే మెత్తబడతాయి. బొబ్బెర్ల ప్రయాణం ఇంకా పెద్దది. ఆఫ్రికాలో పుట్టిన ఈ గింజ వేల ఏళ్ల కిందటే మన నేలకు చేరింది. బానిసలుగా పట్టుకుపోయిన ఆఫ్రికా జనంతో పాటు అమెరికాకూ వెళ్లింది. అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో కొత్త సంవత్సరం రోజున బొబ్బెర్లు, అన్నం కలిపి వండుకోవడం ఆచారం. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మన పిల్లలు బ్లాక్ ఐడ్ పీస్ పేరుతో ఏ దుకాణంలోనైనా బొబ్బెర్లు కొనుక్కోవచ్చు. తాలింపు దినుసులు ఎలాగూ వాళ్లింట్లో ఉంటాయి.

గుడాలకు రాజ్మా వాడితే మాత్రం దాన్ని జాగ్రత్తగా వండాలి. దానిలో పచ్చిగా ఉన్నప్పుడు విషంలా పనిచేసే ఒక పదార్థం ఉంటుంది. నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం అరగంట తెర్లించి ఉడికించాలి. నీళ్లు మరగని సన్నటి వేడి మీద గంటల తరబడి ఉంచితే ఆ విషం చావదు, వాంతులు పట్టుకుంటాయి.

గుడాలు తింటే కడుపుబ్బరం వస్తుందన్న ఫిర్యాదు ఉంది. అది అబద్ధం కాదు. గింజల్లోని కొన్ని చక్కెరలు మన పేగుల్లో అరగవు, వాటిని సూక్ష్మజీవులు తిని గాలి పుట్టిస్తాయి. నానిన నీళ్లు పారబోస్తే ఆ చక్కెరలు కొన్ని పోతాయి. మిగిలిన దానికి మందు అలవాటే. మొదట పిడికెడుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటే చాలామందికి ఇబ్బంది తగ్గుతుంది.

ఇంత చెప్పడానికి కారణం అన్నంలోనే ఉంది. బియ్యంలో మాంసకృత్తులు వందకు ఏడెనిమిది గ్రాములే, ఎండు గింజల్లో ఇరవైకి అటూ ఇటూ. బియ్యంలో తక్కువైన లైసిన్ గింజల్లో దండిగా ఉంటుంది, గింజల్లో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ ఒక పూటలో కలిస్తే లోటు పూడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల భోజనానికి రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు గానీ, వాటి బదులు గుడ్లు, మాంసం గానీ ఉండాలని చెప్పింది. పలుచటి పప్పుచారుతో ఆ లెక్క తీరదు, గుడాలుంటే తీరుతుంది. పొట్టుతో తినే గింజ మెల్లగా అరుగుతుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకు అన్నం తగ్గించి గుడాలు పెంచడం మంచి దారి.

రుద్రూర్‌లోనే వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఆహార విజ్ఞాన కళాశాల ఉంది. అక్కడ చదివే పిల్లలకు ఒక విన్నపం. త్వరగా ఉడికే బొబ్బెర్లు ఏవి, ఇక్కడి బోరు నీళ్లలో ఏ గింజ ఎంతసేపు తీసుకుంటుంది, ఉడికించిన గుడాలు ఎన్ని రోజులు నిలవుంటాయి అన్నవి చుట్టుపక్కల ఊళ్లకు అక్కరకొచ్చే చదువు. హాస్టళ్లు నడిపేవాళ్లు వారంలో రెండు పూటలైనా గుడాలు పెట్టాలి. ఇళ్లలో వండేవాళ్లు బొబ్బెర్లతో మొదలుపెట్టండి. తొందరగా నానుతాయి, తొందరగా ఉడుకుతాయి, పిల్లలకు నచ్చుతాయి. గ్లాసెడు గింజలు నలుగురికి సరిపోతాయి.