ఎండకు నల్లబడే పొర

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప పూనికతో 1938లో అక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. చీర నేసినా దుప్పటి నేసినా ఎండకు రంగు వెలవకూడదన్నది నేతగాళ్ల పట్టింపు. అదే ఊళ్లోనూ, పక్కనే పత్తి బేరాలకు పేరుపడ్డ ఆదోనిలోనూ, వెలుగు తగిలితే రంగు మారే సరుకుతోనే బతికిన వాళ్లు ఇంకొందరున్నారు: ఫోటో స్టూడియోల వాళ్లు. డిజిటల్ కెమెరా వచ్చాక వాళ్ల డార్క్ రూములు సామాన్లు పెట్టుకునే కొట్లయిపోయాయి. అక్కడ సాగిన పని ఎంత సూక్ష్మమైనదో ఈ తరానికి తెలియదు.

ఫిల్ము మీది మందు పొర మందం మిల్లీమీటరులో వందో వంతు. పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసిన జెలటిన్‌లో కంటికి కనిపించని వెండి బ్రోమైడ్ రేణువులను కలిపి, పారదర్శకమైన అసిటేట్ పట్టీ మీద చీకట్లో పూస్తారు. వెండి లవణాలు నల్లబడేది వేడికి కాదు, వెలుతురుకేనని జర్మనీలో షుల్జ్ అనే ఆయన 1717 ప్రాంతంలోనే గమనించాడు. జెలటిన్ పూతను మడాక్స్ అనే ఇంగ్లండు వైద్యుడు 1871లో ప్రకటించాడు. మన దేశంలో ఈ పూత పనికి ఊటీలో 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టారు. ‘ఇందు’ అన్న పేరుతో వచ్చిన ఫిల్ము, బ్రోమైడ్ పేపరు అక్కడివే.

ఎండకు నల్లబడి నీడలో తెల్లబడే కళ్లద్దాలు చూసే ఉంటారు. 1960లలో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ చేసిన ఆ గాజులోనూ ఉన్నవి వెండి లవణపు రేణువులే. వెలుగుకు వెండి నుంచి విడిపోయిన క్లోరిన్ గాజులో ఎటూ పోలేదు, నీడలోకి రాగానే మళ్లీ వెండితో కలుస్తుంది, అద్దం తేటపడుతుంది. ఫిల్ములో అలా కాదు. విడిపోయిన బ్రోమిన్‌ను జెలటిన్ పట్టేసుకుంటుంది, వెండి వెండిగానే మిగులుతుంది. కెమెరా తెరుచుకున్న ఆ రెప్పపాటులో ఒక్కో రేణువులో మారేది కొద్దిపాటి పరమాణువులే. దాన్ని కంటికి కనిపించే నలుపుగా పెంచేది మెటాల్, హైడ్రోక్వినోన్ కలిపిన డెవలపర్. మారని వెండి లవణాన్ని కరిగించి తీసేసేది హైపో అనే మందు.

డెవలపర్ అవసరం లేని కాగితం కూడా ఒకప్పుడు ఉండేది. నెగటివు కింద పెట్టి ఎండలో ఉంచితే చూస్తుండగానే ఊదారంగు తిరిగి, గోధుమ రంగులో బొమ్మ తేలేది. దాన్ని హైపోలో వేయకుండా ఇస్తే కొద్దిరోజులకు మొత్తం నల్లబడిపోయేది. గిరాకీకి నమూనా చూపించి, అసలు ఫోటోకు డబ్బు రాబట్టుకోవడానికి స్టూడియోలకు ఇదొక తెలివైన దారి! తొలినాటి ఫోటో ప్లేట్లకు ఎరుపు కనిపించదు. అందుకే తాతమ్మల ఫోటోల్లో కుంకుమ బొట్టు కాటుక బొట్టులా ఉంటుంది. మామూలు బ్రోమైడ్ పేపరుకూ ఎరుపు సోకదు కాబట్టే డార్క్ రూములో ఎర్ర బల్బు.

ఇదంతా పుస్తకాల్లో ఉంటుంది. పడమటి కర్నూలులో ఈ పనికి ఎదురైన కష్టం మాత్రం వేరు. డెవలపర్ డబ్బా మీద రాసి ఉండేది 20 డిగ్రీలు. మే నెలలో ఆదోని ఎండ 40 దాటుతుంది, తొట్టిలో నీళ్లే 30 పైన ఉంటాయి. ఆ వేడికి పది నిమిషాల పని అయిదు నిమిషాల్లోపే అయిపోతుంది, ఏమరుపాటుగా ఉంటే ఫిల్ము మాడినట్టు నల్లబడుతుంది. జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలితే చాలు లేచి వస్తుంది. తెల్లవారుజామున రీలు కడగడం, కుండనీళ్లలో మందు కలపడం, ట్రే చుట్టూ ఐసు పెట్టడం, హైపోలో పటిక కలిపి పొరను గట్టిపరచడం... వేడి ఊళ్లలో పనివాళ్లకు తెలిసిన ఉపాయాలివి.

అసలు పరీక్ష ఆ తర్వాత, ప్రింటు కడిగేటప్పుడు. హైపో కాగితపు పోగుల్లో ఇంకి ఉంటుంది. అది పూర్తిగా పోవాలంటే పారే నీటిలో గంటసేపు నాననివ్వాలి. తుంగభద్ర దిగువ కాలువ మీద ఆశపెట్టుకున్న ఈ ప్రాంతంలో, కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని వేసవిలో, గంటసేపు నీళ్లు వదిలేయడం అయ్యే పనేనా? ట్రేలో నీళ్లు పదే పదే మార్చుకోవాల్సిందే. ఎప్పుడు చాలించాలో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ప్రింటు అంచు నుంచి కారే నీటిని పర్మాంగనేటు కలిపిన గులాబీ నీళ్లలో పడనిస్తారు. రంగు విరిగితే హైపో ఇంకా ఉన్నట్టు. రంగు నిలిచిందా, ప్రింటు ఆరబెట్టొచ్చు.

మంచి స్టూడియో అంటే మంచి కెమెరా ఉన్నదని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో మంచి స్టూడియో నీళ్ల దగ్గర కక్కుర్తిపడనిది. సరిగా కడగని ప్రింటులో మిగిలిన హైపోలోని గంధకం వెండిని పట్టి, పదేళ్లకో ఇరవయ్యేళ్లకో పసుపు మచ్చలు తేలుస్తుంది. బాగా కడిగింది మూడు తరాలు నిలుస్తుంది. 1980లలోని కలర్ పెళ్లి ఆల్బములు ఎర్రబారి వెలిసిపోతుంటే, అంతకు ముందరి నలుపు తెలుపు పెళ్లి ఫోటో గోడమీద నిక్కచ్చిగా ఉండటానికి కారణం ఇదే: కలర్ బొమ్మలో మిగిలేది రంగుమందు, నలుపు తెలుపు బొమ్మలో మిగిలేది లోహం.

మీ ఇంట్లో పాత నెగటివులుంటే చిత్తు సామానులో పడేయకండి. నిగనిగలాడని వైపే మందు పొర. దాన్ని వేలితో తాకొద్దు, తడిగుడ్డతో తుడవొద్దు. ప్లాస్టిక్ కవర్ల నుంచి తీసి పొడి కాగితపు కవర్లలో పెట్టండి. వెనిగర్ వాసన వస్తున్నవాటిని మిగతావాటి నుంచి వేరుచేసి, ముందుగా వాటినే స్కాన్ చేయించండి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను పీకకండి, అద్దంతో పాటే స్కానర్ మీద పెట్టించండి. మీ ఊళ్లో డార్క్ రూములో పనిచేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ఫోన్‌లో రికార్డింగు పెట్టి ఆయన దగ్గర ఓ గంట కూర్చోండి.