రెన్యువల్ మీదే బతుకు

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. అంతకుముందు 18 శాతం ఉండేది. ఆ వార్త వచ్చిన రోజుల్లో మా ఊరు యర్రగొండపాలెం బజారులో నడుస్తుంటే పాత పాలసీదార్లు బండి ఆపి మరీ అడిగేవాళ్లు. "ఏందబ్బాయ్, పన్ను తీసేశారంటగా! నాకెంత తగ్గుద్ది?" ఇరవై వేల ప్రీమియం కట్టే ఇంటికి మూడు వేల ఆరు వందలు మిగులు. మా మెట్ట ప్రాంతంలో ఆ డబ్బుతో ఇంచుమించు రెండెకరాల పత్తికి విత్తనాలొస్తాయి. ఆరోగ్య బీమా మీద పన్నేంటని ఏళ్ల తరబడి అడిగినవాళ్లలో బీమా ఏజెంట్లం మేమూ ఉన్నాం. అది పోయినందుకు మనసారా సంతోషపడ్డాను, ఇప్పటికీ అదే మాట మీదున్నాను.

దసరా నాటికి మా కమీషన్ సంగతి తేలింది. లెక్క ఇదీ. ఏజెంటు కమీషన్ మీద 18 శాతం పన్నును ఏజెంటు తరఫున కంపెనీయే కట్టాలన్నది నిబంధన. ఇదివరకు కంపెనీలు ఆ కట్టినదాన్ని పాలసీదారు దగ్గర వసూలు చేసిన పన్నులో సర్దుబాటు చేసుకునేవి. ఇప్పుడు వసూలే లేదు కాబట్టి సర్దుబాటూ లేదు. ఆ భారం ఎవరి నెత్తిన పడాలన్న ప్రశ్న వచ్చింది. చాలా కంపెనీలు "ఇక మీదట మీ కమీషన్‌లోనే పన్ను కలిసి ఉంటుంది" అని కబురు పెట్టాయి. ఇరవై వేల ప్రీమియం మీద 15 శాతం కమీషన్ అనుకుందాం. మొన్నటిదాకా మూడు వేలు. ఆ మూడు వేలలోనే పన్ను అంటే 458 రూపాయలు పోయి చేతికి 2,542. అంటే సంపాదనలో 15 శాతం పైచిలుకు కోత. పెట్రోలు ధర, టీ ధర, మనిషి నడవాల్సిన దూరం మాత్రం అలాగే ఉన్నాయి.

మా ఊళ్లో ఆరోగ్య బీమా చేసేవాళ్లలో చాలామంది ఎల్ఐసీ ఏజెంట్లు కూడా. వాళ్లకు 2024 అక్టోబరులోనే ఒక దెబ్బ తగిలింది. సరెండర్ విలువ నిబంధనలు మారాక మొదటి ఏడాది కమీషన్ 35 శాతం నుంచి 28కి దిగింది. ఏడాది తిరిగేసరికి ఈ పన్ను దెబ్బ. పైగా 2023 ఏప్రిల్ నుంచి కమీషన్ ఎంతన్నది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ విడివిడిగా నిర్ణయించడం మానేసింది. మొత్తం ఖర్చుకు ఒక హద్దు గీసి, ఆ లోపల ఎవరికెంత ఇవ్వాలో కంపెనీల బోర్డులకే వదిలేసింది. అంటే రేపు ఇంకా తగ్గినా అడిగే చోటు మనకు లేదు. అందుకే కోత వెనక్కి వస్తుందన్న ఆశతో కాకుండా, రాదన్న లెక్కతోనే బతుకు సర్దుకోవాలి.

ఆదాయం తగ్గిన ఏజెంటుకు ముందుగా తట్టే దారులు మూడున్నాయి. మూడూ చెడ్డవే. ఒకటి, కొత్త పాలసీకి కమీషన్ ఎక్కువిచ్చే కంపెనీ చూసుకుని ఉన్న ఖాతాదారును అక్కడికి మార్చడం. ఇలా పోర్ట్ చేస్తే పాత పాలసీలో గడిపిన వెయిటింగ్ పీరియడ్, అంటే కొన్ని జబ్బులకు క్లెయిము కోసం ఆగాల్సిన గడువు, కలిసొస్తుంది, నిజమే. కానీ పాత బీమా మొత్తం మేరకే కలిసొస్తుంది, కొత్త కంపెనీ ఆరోగ్యం చూసి వద్దనొచ్చు కూడా. మనిషికి అవసరముంటే మార్చాలి గాని మనకు అవసరమని మార్చకూడదు. రెండు, పోటీలో పాలసీ పట్టడానికి కమీషన్‌లో వాటా పంచడం. బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది నేరం, పది లక్షల దాకా జరిమానా. చట్టం సంగతి అటుంచినా, కమీషన్‌లో సగం తిరిగిచ్చిన ఏజెంటు క్లెయిము రోజు గుంటూరు దాకా వస్తాడా? మూడోది అన్నిటికన్నా ప్రమాదం. పాలసీ ఆగిపోతుందేమోనని ప్రపోజల్ ఫారంలో షుగర్, బీపీ దాచిపెట్టడం.

ఈ మూడోది ఎలా తిరిగొస్తుందో చూసినవాణ్ని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రాత్రి పూట గుండెనొప్పితో మనిషిని నరసరావుపేట తీసుకుపోతారు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు అడుగుతాడు, "షుగర్ ఎన్నాళ్ల నుంచి?" కంగారులో ఉన్న బామ్మర్ది "చానా ఏళ్ల నుంచి సార్" అంటాడు. కేస్ షీట్‌లో "పదేళ్లుగా" అని ఎక్కుతుంది. పాలసీకి వయసు రెండేళ్లు, ఫారంలో షుగర్ లేదని ఉంది. క్యాష్‌లెస్ అక్కడే ఆగిపోతుంది. మర్నాడు పొద్దున ఆ ఇంటి ఆడవాళ్లు పుస్తెలతాడు తీసుకుని బ్యాంకుకు పోతారు. అదే ఫారంలో ఉన్నదున్నట్టు రాసి ఉంటే? ప్రీమియం కాస్త పెరిగేది, ముందే ఉన్న జబ్బుకు కొన్నాళ్లు ఆగాల్సి వచ్చేది. ఆ గడువు ఇదివరకు నాలుగేళ్ల దాకా ఉండేది. 2024 నిబంధనలతో 36 నెలలకు మించకూడదు. వరసగా 60 నెలలు కట్టినవాళ్ల క్లెయిమును, మోసం రుజువైతే తప్ప, "అప్పుడు చెప్పలేదు" అని తోసేయడానికి లేదు. ఇంత వెసులుబాటు వచ్చాక దాచాల్సిన పనేముంది? ఫారం నింపేటప్పుడు మందుల డబ్బా తెప్పించి, ఒక్కో స్ట్రిప్పు మీద పేరు చూసి రాయడం నా అలవాటు. "అవన్నీ ఎందుకు సారూ" అని ఇంటాయన విసుక్కుంటాడు. ఇంటామె మాత్రం డబ్బా తెచ్చి ముందు పెడుతుంది.

నా నమ్మకం ఏంటంటే, కమీషన్ తగ్గినప్పుడు కొత్త పాలసీల వెంట పరుగు పెంచడం కన్నా పాత పాలసీలు జారిపోకుండా చూసుకోవడం మేలు. వందిళ్లు ఏటా తప్పకుండా కడుతుంటే ఏజెంటుకు అది పొలం లాంటిది. ఇక్కడ పాలసీలు జారేది నమ్మకం లేక కాదు, గడువు తేదీ కుదరక. జూలైలో తీసుకున్న పాలసీ మళ్లీ జూలైలోనే కట్టాలి. అప్పటికి రైతు చేతిలో ఉన్నదంతా విత్తనాలకు, దుక్కులకు పోయి ఉంటుంది. ఏడాది ప్రీమియానికి 30 రోజుల గ్రేస్ ఉన్నా ఆ నెలలో కూడా డబ్బు రాదు. గ్రేస్ దాటితే ఇన్నేళ్లూ కట్టి గడిపిన వెయిటింగ్ అంతా నీళ్లపాలు. అందుకే మిర్చి వేసే ఇంటికి పాలసీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొదలయ్యేలా చూడాలి. అప్పుడు గుంటూరు యార్డు నుంచి చేతికి నాలుగు డబ్బులొస్తాయి. పత్తి ఇళ్లకైతే డిసెంబరు, జీతం ఇళ్లకు నెలవాయిదా. ఈ ఒక్క సర్దుబాటు చేస్తే, ఖాతాదారు ప్రీమియం ఏజెంటు జేబులోంచి కట్టి, తర్వాత వసూలు కోసం తిరిగే దుస్థితి కూడా చాలావరకు తప్పుతుంది.

రెండో పని, క్లెయిమును చేతిలోకి తీసుకోవడం. క్యాష్‌లెస్ అడిగితే గంటలో తేల్చాలని, డిశ్చార్జి రోజు మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలని 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్‌లో ఉంది. ఆసుపత్రి బీమా డెస్కు దగ్గర నిలబడ్డ పల్లెటూరి మనిషికి ఆ సంగతి తెలియదు. గది అద్దె పరిమితీ తెలియదు. మూడు లక్షల పాలసీలో రోజుకు ఒక శాతం, అంటే మూడు వేల గది అని ఉంటే, ఆరు వేల గదిలో చేరినవాళ్లకు గది అద్దెతో ఆగదు. మందులు, ఇంప్లాంట్లు లాంటివి పోగా డాక్టరు ఫీజుల వంటివి కూడా సగానికి కోస్తారు. చేరేముందు ఒక్క ఫోన్ చేస్తే చాలు, ఈ నష్టం ఆగుతుంది. ఆ ఫోన్ మనకే రావాలంటే పాలసీ కాగితం మీద కాదు, వాళ్ల ఫోన్‌లో మన నంబరు ఉండాలి. కంపెనీ కాదన్నా, నెల రోజుల్లో బదులు చెప్పకున్నా హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. ఒక్క క్లెయిము దగ్గరుండి ఇప్పిస్తే ఆ వీధిలో మూడు కొత్త ఇళ్లు వాటంతటవే తలుపు తెరుస్తాయి.

"మాకు ఆరోగ్యశ్రీ ఉందిలే" అనే మాట ఇక్కడ ప్రతి రెండో ఇంట్లో వినిపిస్తుంది. 2007లో మొదలైన ఆ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఏజెంటంటే నాకు గౌరవం లేదు. పాలుట్ల గూడెంలో, పుల్లలచెరువు తండాల్లో కూలికి పోయే ఇంటికి నేను ముందు చెప్పేది ఆ పథకం కార్డు సరిచేసుకోమని, డెబ్బై నిండిన పెద్దవాళ్లకు కేంద్రం ఇచ్చే వయ వందన కార్డు తీసుకోమని, బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా కట్టమని. వీటిలో నాకు పైసా రాదు. ఆ ఇంట్లో పిల్లోడు హైదరాబాద్‌లో ఉద్యోగానికి కుదిరాక కార్డు పోతే, అప్పుడు నాకే ఫోన్ చేస్తాడు.

ఆదాయానికి ఇంకో దారి కూడా ఉంది. మార్కాపురం పలకల యూనిట్లు, ప్రైవేటు బడులు, జిన్నింగు మిల్లుల్లో పనిచేసేవాళ్లకు గ్రూపు పాలసీలు. వాటి మీద 18 శాతం పన్ను అలాగే ఉంది, కమీషన్ రేటూ తక్కువ. అయినా ఒక్క సంతకంతో పాతిక కుటుంబాలు దరిచేరతాయి. యజమానిని ఒప్పించడం కష్టం, నేనింకా తిరుగుతూనే ఉన్నాను.

కంపెనీలను నేను అడిగేది రెండే. కమీషన్ స్టేట్‌మెంటులో పన్ను ఎంత కోశారో, టీడీఎస్ ఎంతో ఒక్కో పాలసీకి విడిగా చూపించండి. ఇప్పుడొచ్చే కాగితంలో మొత్తం ఒక్కటే ఉంటుంది, ఎందులోంచి ఎంత పోయిందో తెలియదు. రెండోది, క్లెయిము దశలో పాలసీదారుకు పంపే ప్రతి మెసేజీ ఏజెంటుకూ తెలుగులో పంపండి. రాత్రి పదకొండింటికి వినుకొండ రోడ్డు మీద అంబులెన్స్ వెనక బండి మీద పోతున్నవాడికి, కాగితం ఎక్కడ ఆగిందో ఆ క్షణాన తెలియాలి.