ప్రత్యక్ష ప్రసారములో గ్రహణ పాఠము

సినిమాను, పుస్తకమును విమర్శించుట మనకు అలవాటే. టెలివిజనులో వచ్చు శాస్త్ర చర్చలను ఆ దృష్టితో చూచువారు మాత్రము తక్కువ. నేను పాల్గొనిన ఒక కార్యక్రమమునే ఇక్కడ పరిశీలింతును. తప్పులో నా పాలు ఎక్కువ గనుక ఈ విమర్శ మొదట నాకే తగులును.

2019 డిసెంబరు 26న సూర్యగ్రహణము. కోయంబత్తూరు, దిండిగల్ ప్రాంతములలో అది కంకణ గ్రహణము. మా సింహాచలమున పాక్షికము. ముందునాటి సాయంకాలము స్థానిక ఛానలు ఒకటి ప్రత్యక్ష చర్చకు నన్ను ఆహ్వానించినది. కెమెరా ముందు కూర్చుండుట నాకదే మొదటిసారి. రోజూ పాఠము చెప్పువానికి ఇదొక లెక్కా అనుకొంటిని. కాని తరగతిలో పిల్లల ముఖములు చూచి, అర్థము కానిచోట మరల చెప్పుదుము. కెమెరా కంటికి అట్టి ముఖము లేదు.

నా ప్రక్కన ఒక సిద్ధాంతిగారు కూర్చుండిరి. స్పర్శ, మోక్ష కాలములలో మా ఇరువురికి భేదము లేదు. గణితము ఇద్దరికిని ఉమ్మడి సొత్తే. అయినను చర్చను నడపునతడు “గ్రహణం చూడవచ్చా, చూడకూడదా?” అని మమ్ము పందెపు కోళ్లవలె నిలబెట్టెను. ఇది ఆ కార్యక్రమములోని మొదటి లోపము. అసలు ప్రశ్న చూడవచ్చునా అని కాదు, ఎట్లు చూడవలెనని.

ఆ ప్రశ్నను అడిగినది ఫోను చేసిన ఒక తల్లి. “ఎక్స్‌రే ఫిల్ములోంచి చూస్తే పరవాలేదాండీ?” అనెను. ఆ సాయంకాలమునకు అదియే ఉత్తమమైన ప్రశ్న. నేను తరగతి ధోరణిలో మొదలుపెట్టితిని: “ఎక్స్‌రే ఫిల్ము వెలుగును తగ్గిస్తుంది. అయితే...” అంతలో “చిన్న విరామం” అనిరి. విరామము తరువాత చర్చ దర్భలమీదికి, వంటయింటి కుండలమీదికి మరలినది. అడ్డుపడి నా మాట పూర్తిచేయుటకు నాకు ధైర్యము చాలలేదు.

మరునాటి ఉదయము కొండ క్రింద పదేండ్ల పిల్లవాడొకడు ఫిల్ముముక్క పట్టుకొని ఎదురయ్యెను. వలదంటిని. “నిన్న టీవీలో మీరే కదండీ వెలుగు తగ్గిపోద్దన్నారు!” అనెను. వాని మాటలో అబద్ధము లేదు. నేను పలికిన అర్ధవాక్యమును వాడు పూర్ణముగా నమ్మినాడు.

చెప్పవలసి, చెప్పకుండ నిలిచిపోయినది ఇది. ఎక్స్‌రే ఫిల్ములో నలుపు అంతట ఒకే తీరున నుండదు. ఎముకల బొమ్మ పడినచోట అది పలుచన. అచ్చట సూర్యకాంతి దాదాపు అడ్డులేక పోవును. నలుపున్నచోట సయితము కంటికి కానరాని పరారుణ కిరణములను అది ఎంత ఆపునో నమ్మరాదు. పైగా మసకలో కనుపాప విచ్చుకొని, ఆ కిరణములకు దారి వెడల్పు చేయును. రెటీనాకు నొప్పి తెలియదు గనుక చూపు చెడినదని ఆ క్షణమున ఎవరికిని తోచదు. సూర్యుని చూచుటకు చేసిన కళ్లజోళ్లకు 2015లో అంతర్జాతీయ ప్రమాణము ఏర్పడినది. దాని ప్రకారము అవి కంటికి కనబడు కాంతిలో సుమారు ముప్పదివేలలో ఒక వంతుకు మించి లోనికి రానీయరాదు.

పిల్లవానిచేత ఫిల్ము దింపించి, చెట్టు నీడను చూపితిని. ఆకుల సందులనుండి నేలపై పడిన వెలుగు చుక్కలన్నియు నెలవంకలై యుండెను. తరువాత అట్టలో గుండుసూదితో రంధ్రము చేసి, దానికి రెండు మీటర్ల దూరమున కాగితము పట్టితిమి. దానిపై సుమారు 18 మిల్లీమీటర్ల సూర్యబింబము పడినది. దూరమును సుమారు 109తో భాగించినచో బింబపు వ్యాసము వచ్చును. వీపు సూర్యునివైపునకు త్రిప్పి, కాగితమును మాత్రమే చూచు ఈ పద్ధతిలో కంటికి ప్రమాదము లేదు.

తప్పంతయు విరామముదేనా? కాదు. తెలుగు వాక్యములో క్రియ చివరకు వచ్చును; దానితోపాటు ‘వద్దు’ కూడ చివరకే పోవును. కారణములు ముందు, నిర్ణయము తరువాత చెప్పుట ఉపాధ్యాయుల అలవాటు. నలువది అయిదు నిమిషముల పాఠమునకు అది తగును. ఏ క్షణమున తెగునో తెలియని మాటకు అది ప్రమాదము. “చూడవద్దమ్మా” అని మొదలుపెట్టియున్నచో, తక్కినది తెగినను నష్టము లేకపోయెడిది.

ఈ సాధనము శాస్త్రమునకు పనికిరాదనుట కూడ సరికాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు జరిగిన ‘సైట్’ ప్రయోగములో, ఆంధ్రప్రదేశముతో కలిపి ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా పాఠములు చేరినవి. అప్పుడు అహమ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగ కేంద్రమునకు సంచాలకులుగానున్న ఆచార్య యశ్‌పాల్, 1995 అక్టోబరు 24 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును దూరదర్శన్ ప్రత్యక్షముగా చూపినపుడు వ్యాఖ్యానము చేసిరి. అచ్చట తెరపై ప్రధాన వ్యక్తి సూర్యుడే. మాట ఆయనకు తోడుగా నడచినది. మా చర్చలో సూర్యుడు లేడు. వాదము మాత్రమే యున్నది.

అయినను పిలుపు వచ్చినచో ఉపాధ్యాయులు వెనుకాడరాదని నా అభిప్రాయము. మనము పోనిచోటికి వదంతి పోవును. ఒక అట్టముక్కను, ఒక గుండుసూదిని వెంట తీసికొని పోవలెను. ప్రాణమునకో కంటికో సంబంధించిన మాటను మొదటి వాక్యములోనే చెప్పి, లేచుటకు ముందు మరియొకసారి చెప్పవలెను. ఛానలువారు కూడ అట్టి సమాధానము పూర్తియగువరకు విరామమును ఆపుట ధర్మము. మరి ఆ తల్లి నా మాటలో ఎంతవరకు విని ఫోను పెట్టివేసెనో నాకు నేటికిని తెలియదు.