చీటీలో నంబరు

ఈ వారం ఈ కాలమ్ కింద నా పేరుండదు. పత్రికల్లో పేరు చెప్పుకోకూడదన్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ పద్ధతి. చెప్పమన్నా నాకు నోరు పెగలదనుకోండి.

తాగేరోజుల్లో పెళ్లిళ్లలో మైకు లాక్కున్న ఘనుణ్ణి. మానేశాక తెలిసింది, అసలు నేను నోట్లో నాలుక లేనివాణ్ణని. మీటింగులో చెప్పులు విడిచేచోటు పక్కనే కూర్చునేవాణ్ణి, అవగానే జారుకోవచ్చని. "స్పాన్సర్‌ని చూసుకున్నారా?" అంటే చెమటలు. స్పాన్సరంటే డబ్బు పెట్టేవాడు కాదు. మనకంటే ముందు మానేసి, ఈ సంస్థ చెప్పే పన్నెండు మెట్లూ ఎక్కి, మనల్ని వెంటబెట్టుకుని ఎక్కించే మనిషి. ఫీజుండదు. అడగడమే ఉంటుంది.

నన్ను గట్టెక్కించినవి టీ గ్లాసులు. అవి కడుగుతుంటే ఎవరి మొహమూ చూడక్కర్లేదు. పక్కన నిలబడి తుడిచే పెద్దాయనా మాటకారి కాదు. నాలుగోవారం బిస్కెట్ల అట్ట చింపి నంబరు రాసిచ్చారు. "పనేం లేకపోయినా చేయండి. ఊరికే చేయడం అలవాటైతేనే, నాలుక పీకే రోజు చెయ్యి ఫోను మీదికి పోతుంది" అన్నారు.

తొమ్మిది రోజులు ఆ అట్ట జేబులోనే ఉంది. ఓసారి చొక్కాతోపాటు బకెట్లో పడబోతే మా ఆవిడ తీసి ఫ్రిజ్ మీద పెట్టింది. ఏమిటని అడగలేదు.

ఈ సంస్థ పుట్టిందే అలాంటి ఫోనుతో. 1935 మేలో, అప్పటికి తాగుడు మానిన బిల్ విల్సన్ అనే న్యూయార్క్ స్టాక్ వ్యాపారి, పని బెడిసికొట్టి, ఒహాయోలోని ఆక్రన్‌లో మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒంటరిగా మిగిలాడు. ఒకవైపు బార్ సందడి, ఇంకోవైపు ఫోను. చర్చిల పట్టిక చూసి ఫోన్లు చేస్తే, చివరికి డాక్టర్ బాబ్ అనే తాగుబోతు సర్జన్ దొరికాడు. పావుగంటే ఉంటానని వచ్చినాయన రాత్రిదాకా కదల్లేదు. జూన్ 10 తర్వాత మళ్లీ తాగలేదు. ఇందులో నాకు నచ్చేదేమిటంటే, బిల్ ఆయన్ని ఉద్ధరించడానికి పోలేదు. ఇంకో తాగుబోతుతో మాట్లాడకపోతే ఆ పూట తాను తాగేస్తాడు, అదీ సంగతి. అంటే ఫోనెత్తేవాడికీ ఆ ఫోను అవసరమే. నేనేమో పెద్దాయనకి ఇబ్బందని తొమ్మిది రోజులు నానబెట్టాను.

పదోరోజు చేశాను. "మీరు నాకు..." అని ఆగిపోయాను. అవతల కుక్కర్ కూత.

"ఆదివారం ఆరింటికి రండి. ఓ నోటుబుక్కు తెచ్చుకోండి" అన్నారు.

స్పాన్సర్ అన్న మాట ఇద్దరం అనలేదు. పెట్టేశాక గుర్తొచ్చింది, గీతలదా, తెల్లదా అని. మళ్లీ చేశాను.