కంకర, వాచ్‌మన్, మేస్త్రి

"అంత డబ్బెట్టి అద్దాల పెట్టె కొని, అడుక్కి కంకర పోశావేంట్రా?" అంది అమ్మ, సంక్రాంతికి హైదరాబాదు వచ్చినప్పుడు. కంకర కాదమ్మా, పగడాల ట్యాంకులో పరిచే రాయి అన్నాను. ఇంకోసారి వంగి చూసి, "కంకరే" అని తేల్చేసింది.

ఒకరకంగా ఆవిడ మాటే నిజం. ట్యాంకు కోసం కొన్న రాళ్లు అమరిక కుదరక సుత్తీ ఉలీ పట్టుకు కూర్చుంటే అరబకెట్ ముక్కలు మిగిలాయి. పారేయబుద్ధి కాలేదు. సముద్రం ఒడ్డున ఊరికే దొరికేవీ కావు. మన దగ్గర రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అండమాన్ బీచ్‌లో చచ్చిన పగడం ముక్క కనబడినా జేబులో వేసుకోకూడదు. పోనీ అనుకుంటే, మా వాకిట్లో పరిచిన తాండూరు బండ కూడా ఈ రాళ్లలాగే సున్నపురాయే, కానీ దానికి వీటికున్న చిల్లులేవీ? చేపల వ్యర్థంలోని అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కాపురం పెట్టేది ఆ చిల్లుల్లోనే.

1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రపు రాళ్లూ గాలిబుడగలూ ఉంటే చాలు, ట్యాంకు నడుస్తుందని రాశాడు. తర్వాత మొనాకోలో జోబేర్ అనే శాస్త్రవేత్త ఇసుక కింద నీళ్లకు ఖాళీ వదిలి ఇంకో దారి చూపించాడు. నేను ఇద్దర్నీ కలిపేశాను. ముక్కల్ని రెండంగుళాల మందాన అడుగంతా పరిచేశాను.

నాలుగో నెలకి నైట్రేట్ 5 నుంచి 40 పీపీఎంకి ఎక్కింది. అద్దాల నిండా పాచి. పిచికారీతో సందుల్లోకి నీళ్లు కొడితే లేచిన మడ్డికి అరగంటసేపు చేపలు కనబడలేదు. నైట్రేట్‌ను నైట్రోజన్‌గా మార్చి గాల్లో కలిపేయాలంటే ఆక్సిజన్ లేని చోటు కావాలి. నా కంకరలో సందులు అందుకు మరీ పెద్దవి, మడ్డి కొట్టుకుపోవడానికేమో మరీ చిన్నవి!

మొత్తం తోడేసి పలచగా ఇసుక పోశాను. ఒక మూల మాత్రం జానెడు కుప్ప ఉంచి, పంపు ధార అటు తిప్పాను. వారానికోసారి పిచికారీ తప్పదు. రాత్రి టార్చి వేస్తే రాళ్ల మీద నువ్వుగింజల్లా కోపెపాడ్లనే బుల్లి జీవులు పరిగెడతాయి.

ఆ మూలకే ఒక పిస్టల్ రొయ్యనీ, వాచ్‌మన్ గోబీ అనే పసుప్పచ్చ చేపనీ తెచ్చాను. రొయ్యకు చూపు దాదాపు ఆనదు. ఒక మీసం చేప ఒంటికి ఆనించి ఉంచి, చింతగింజంత ముక్కను పట్టుకొచ్చి వాకిట్లో పెడుతుంది. కుదరకపోతే తీసి, తిప్పి, మళ్లీ పెడుతుంది. పెద్ద ముక్కలు కప్పుకి, చిన్నవి సందుల్లోకి. అచ్చం మేస్త్రే. చేప గుమ్మంలో కాపలా. తోక ఆడించిందా, ఇద్దరూ లోపలికి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కిలాగే దానికీ ఇంటద్దె లేదు.

మొన్న పదిహేను వందలు పోసి కొన్న, పగడాలకు బంధువైన జోయాంథస్ ముక్క పొద్దున లేచేసరికి కనబడలేదు. వెతగ్గా వెతగ్గా దొరికింది, రొయ్యగారింటి గుమ్మానికి పైకప్పుగా. తీద్దామని చెయ్యి పెట్టాను. రొయ్య కొండి టప్‌మంది. వంటింట్లోంచి అమ్మ, "అద్దం పగిలిందా?" అని కేకేసింది.