సగటు మనిషి కొలబద్ద - వాడ శరీరాల లెక్క

బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకోవాలి. ఎత్తును ఎత్తుతోనే గుణించి, ఆ వచ్చినదానితో బరువును భాగిస్తే వచ్చే అంకె బాడీ మాస్ ఇండెక్స్, అంటే బి.ఎం.ఐ. 18.5 కంటే తక్కువైతే బక్కతనం. 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. మధ్యలో ఉన్నవాళ్లు 'సాధారణం'. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీతలివి. చూడ్డానికి ఈ అంకెకు కులం లేదు, వర్గం లేదు. అందుకే దీన్ని అనుమానించాలి. ఇది ఎవరి గురించి నిజం చెప్తుంది, ఎవరి గురించి దాస్తుంది?

ముందు పుట్టుక చూద్దాం. 1830లలో బెల్జియం ఖగోళ, గణాంక శాస్త్రవేత్త కెట్లే 'సగటు మనిషి'ని వెతుకుతూ ఈ సూత్రం పట్టుకున్నాడు. ఆయన వైద్యుడు కాదు, ఆయన కొలిచింది యూరప్ జనాన్ని. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం మగవాళ్ల కొలతల మీద పరిశోధన చేసి దీనికి ఇప్పటి పేరు పెట్టింది. ఆ సగటులో నాట్లేసే ఆడకూలీ ఎక్కడా లేదు.

ఆమెను ఇప్పుడు తూకమెక్కిద్దాం. ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 45 కిలోలు అనుకుందాం. లెక్క 20 వస్తుంది. 'సాధారణం' అని రాసి పంపేస్తారు. ఆ ఎత్తు ఎందుకు అక్కడే ఆగిపోయిందో అంకె అడగదు. చిన్నప్పటి ఆకలి ఎత్తును తగ్గిస్తుంది. పెద్దయ్యాక తగ్గిపోయిన ఆ ఎత్తుతోనే బరువును భాగిస్తారు. అట్లా ఆకలి లెక్కలోంచి మాయమైపోతుంది.

ఈ మాయకు సిద్ధాంతం కూడా తయారైంది. పేదల ఒళ్లు తక్కువ తిండికి సర్దుకుంటుందని పి.వి. సుఖాత్మే వాదించాడు. 'పొట్టిగా ఉన్నా ఆరోగ్యమే' అన్నాడు డేవిడ్ సెక్లర్, 1980ల మొదట్లో. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసిన సి. గోపాలన్ దీన్ని గట్టిగా ఖండించాడు. పొట్టితనం ఆరోగ్యకరమైన సర్దుబాటు కాదు, లేమికి శరీరం కట్టిన మూల్యం అన్నది ఆయన వాదన. మనం ఇంకో మాట కలపాలి. ఉన్నదాంతో సర్దుకుపొమ్మని చెప్పడం కులవ్యవస్థకు కొత్త కాదు గదా! అదే మాటను ఇక్కడ శాస్త్రం భాషలో చెప్పారు.

రెండోవైపు కొవ్వు సంగతి. పుణే వైద్యుడు యాజ్ఞిక్, ఇంగ్లండ్ వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి కొలతలే ప్రచురించారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తల్లి కడుపులో సరిగా ఎదగని బిడ్డ సన్నగా కనిపించినా ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉండొచ్చు, పెద్దయ్యాక షుగర్ రావొచ్చు. ఆసియా జనానికి 23 దగ్గరే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో చెప్పింది ఇందుకే. అంటే 'షుగర్ డబ్బున్నోళ్ల జబ్బు' అనే మాట మన వాడలను పరీక్షలకు దూరం చేస్తుంది.

మరి ఈ అంకెను పారేద్దామా? వద్దు. ఒక మనిషి విషయంలో తడబడే ఈ అంకె, సమూహం విషయంలో గట్టి సాక్ష్యమే. ఒక జనసమూహంలో పెద్దవాళ్లలో నూటికి 40 మంది 18.5 కంటే దిగువనుంటే అది విషమ పరిస్థితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ గీతకు దిగువనున్న ఆడవాళ్లు దళితుల్లో నూటికి 41 మంది, ఆదివాసుల్లో దాదాపు 47 మంది. ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని 'ఇతరుల్లో' 29 మంది. అంటే ఆ కొలత ప్రకారమే అప్పుడు దళిత, ఆదివాసీ ఆడవాళ్లు విషమ పరిస్థితిలో ఉన్నారు. దాన్ని కరువు అని ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు.

2019-21 సర్వే నాటికి దేశంలో బక్కతనం ఉన్న ఆడవాళ్లు 18.7 శాతానికి తగ్గారు. సంతోషమే. కానీ అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం ఆడవాళ్లకు అధిక బరువు, 58.8 శాతం మందికి రక్తహీనత. బరువు పెరిగింది, రక్తం పెరగలేదు. రేషన్ బియ్యం కడుపు నింపుతుంది. పప్పు, గుడ్డు, మాంసం లోటు అది తీర్చదు. పైగా మనవాళ్లకు చవకగా దొరికే పెద్దకూరను అంటరానిదిగా చూసే సమాజమిది.

బి.ఎం.ఐ. జనాభా స్థాయి కొలతే, ఒక మనిషి ఆరోగ్యానికి అదొక్కటే చాలదని 2025లో లాన్సెట్ కమిషన్ కూడా చెప్పింది. మన దగ్గర జరుగుతున్నది తలకిందుల వ్యవహారం. మనిషికి అంకె చెప్పి పంపేస్తున్నారు, సమూహం చెప్తున్న సాక్ష్యాన్ని పక్కన పెడుతున్నారు.

కాబట్టి విద్యార్థులు, కార్యకర్తలు అడగాల్సినవి ఇవి. క్యాంపుల్లో బరువుతోపాటు నడుం చుట్టుకొలత, రక్తం, షుగర్ చూడాలి. లెక్కలు కులంవారీగా బయటపెట్టాలి. 'ఎస్సీ' అని ఒక్క గంపలో వేస్తే మాల, మాదిగ, రెల్లి తేడాలు, పాకీపని చేసేవాళ్ల పరిస్థితి మళ్లీ సగటులో కలిసిపోతాయి. కెట్లే సగటు మనిషి చేసిన పనే మన లెక్కల్లోనూ జరగకూడదు.